పట్టపగలు కళ్లు మూసుకుందంటే... పెంపుడు ఊసరవెల్లి జబ్బును ముందే గుర్తుపట్టడం ఎలా?

మా అమ్మ నరసరావుపేట నుంచి డాలస్ వచ్చిన మూడో రోజు. హాల్లో కూర్చుని కాఫీ తాగుతూ, "ఏరా, ఇది పగలే కునుకు తీస్తోందేంటి?" అని అడిగింది. మా అమ్మాయి పెంచుకుంటున్న ఊసరవెల్లి బుజ్జి గురించి ఆ మాట. "పడుకుందేమోలేమ్మా" అన్నాను. "కోడి పట్టపగలు రెక్కలు వాల్చి కునికిందంటే కొక్కెర తెగులు తగిలినట్టే. దీనికి మాత్రం వేరే లెక్క ఉంటుందా? ఎవరైనా డాక్టరుకి చూపించండి" అంది.

ఊసరవెల్లిని ఆవిడ దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. నేను నాలుగు నెలలుగా రోజూ చూస్తున్నాను. రంగు పచ్చగా నిగనిగలాడుతోంది కదా, ఇంకేం అనుకుంటూ వచ్చాను. మర్నాడు వెట్ (పశువైద్యుడు) ఎక్స్‌రే తీసి చూపించాడు. ఎముకలు తెల్లగా స్పష్టంగా కనబడాల్సిన చోట పొగలా మసకగా ఉన్నాయి. ముందుకాలు ఒకటి వంగిపోయి ఉంది. "ఇది ఇవాళ్టిది కాదు, కనీసం రెండు నెలల నుంచి నడుస్తోంది" అన్నాడు. ఆ రెండు నెలల్లో మాకు కనబడినవన్నీ ఇంటికొచ్చాక ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. కీచురాయి మీదికి నాలుక విసిరి గురి తప్పడం, ఒకప్పుడు చకచకా ఎక్కే కొమ్మను ఆగి ఆగి ఎక్కడం, చేతి మీదికి తీసుకుంటే పట్టు మునుపంత గట్టిగా లేకపోవడం. కళ్లెదుట ఉన్నా అర్థం చేసుకోలేకపోయాం.

మనకు ఊసరవెల్లి అనగానే గుర్తొచ్చేది రంగే. మాట మార్చేవాడిని ఊసరవెల్లి అంటాం. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత చెబుతాం. అందుకే కాబోలు, దాన్ని ఇంట్లో పెంచుకునేవాళ్లు కూడా ముందు రంగే చూస్తారు. కానీ జబ్బు విషయంలో రంగు చెప్పేది తక్కువ, చెప్పినా చివర్లో చెబుతుంది. ముందుగా చెప్పేవి కళ్లు, కాళ్ల పట్టు, నాలుక, రెట్ట. వీటిలో తేడా కనబడితే కారణం కోసం మొదట వెతకాల్సిన చోటు మనం అమర్చిన బోను. వెలుతురు, వేడి, నీళ్లు, గాలి, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తప్పడం వల్లే పెంపుడు ఊసరవెల్లి జబ్బుల్లో చాలావరకు వస్తాయి.

నేను చెప్పేది ముఖ్యంగా వీల్డ్ కమీలియన్ గురించి. అమెరికాలో పెట్ షాపుల్లో, రెప్టైల్ ఎక్స్‌పోల్లో తరచూ కనబడేది ఇదే. దీని సొంత గడ్డ యెమెన్, సౌదీ అరేబియా నైరుతి ప్రాంతం. తల మీద ఎత్తుగా కిరీటంలాంటి ఎముక ఉంటుంది. బాగా ఎదిగిన మగది తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్ కమీలియన్‌కూ, కెన్యా, టాంజానియా కొండల్లో ఉండే మూడు కొమ్ముల జాక్సన్స్ కమీలియన్‌కూ వేడి, తేమ లెక్కలు కొంత మారతాయి కానీ జబ్బు లక్షణాలు దాదాపు ఇవే.

ఇక్కడే ఇంకో మాట చెప్పేయాలి. ఆంధ్ర, తెలంగాణల్లో మన తుప్పల్లో, మామిడితోటల్లో కనబడే ఊసరవెల్లి వేరే జాతి. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పట్టుకుని ఇంట్లో పెంచడం నేరం. దెబ్బ తగిలినది కనబడితే అటవీ శాఖకు చెప్పండి. ఇండియాలో విదేశీ జాతిని చట్టబద్ధంగానే కొన్నా, వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్న జీవుల వివరాలను 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. వీల్డ్, పాంథర్, జాక్సన్స్ మూడూ ఆ జాబితాలో ఉన్నవే.

రంగును ఎంతవరకు నమ్మాలి?

ఊసరవెల్లి చుట్టుపక్కల రంగులోకి మారిపోతుందని చిన్నప్పుడు అందరం విన్నాం. అసలు సంగతి వేరు. జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2015లో పాంథర్ కమీలియన్ల మీద చేసిన పరిశోధనలో, చర్మంలో ఉండే ప్రత్యేక కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతిచిన్న స్ఫటికాలు వరుసగా పేర్చి ఉంటాయని తేలింది. ఊసరవెల్లి స్థిమితంగా ఉన్నప్పుడు ఆ స్ఫటికాలు దగ్గర దగ్గరగా ఉండి నీలి కాంతిని వెనక్కి పంపుతాయి. దానిపై చర్మంలోని పసుపు కలిసి మనకు ఆకుపచ్చగా కనబడుతుంది. మరో మగది ఎదురై ఉద్రేకపడితే స్ఫటికాల మధ్య దూరం పెరిగి పసుపు, నారింజ, ఎరుపు వైపు మారుతుంది. నల్లబడటానికి మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం ఉన్న కణాలు వేరే ఉన్నాయి.

అంటే రంగు దాని మనఃస్థితినీ, ఒంటి వేడినీ చెబుతుంది. పొద్దున్నే చలిగా ఉంటే ఎండ వేడి త్వరగా పట్టడానికి నల్లబడుతుంది. ఒక్కోసారి ఎండ తగిలే పక్క మాత్రమే నల్లబడి, రెండో పక్క లేతగా ఉంటుంది. మొదటిసారి అది చూసి మా అమ్మాయి పక్షవాతం వచ్చిందేమోనని ఏడ్చినంత పని చేసింది. కుబుసం విడిచే ముందు ఒళ్లంతా బూడిదరంగులో వెలిసిపోయినట్టు ఉంటుంది. కడుపుతో ఉన్న ఆడ వీల్డ్ కమీలియన్ ముదురు రంగులోకి మారి, ఒంటి మీద పసుపు, నీలి మచ్చలు తేలుతాయి. "నా దగ్గరికి రావద్దు" అని మగదానికి చెప్పడం అది. రాత్రి నిద్రలో రంగు పాలిపోతుంది. ఇవేవీ జబ్బులు కావు.

అనుమానించాల్సింది ఎప్పుడంటే, బోను వేడి సరిగ్గా ఉండి, ఎదురుగా ఇంకో జంతువుగానీ అద్దంగానీ లేకుండా, రోజుల తరబడి నల్లగానో మట్టిరంగులోనో ఉండిపోతే. ఊసరవెల్లి ఒంటరి జీవి. రెండింటిని ఒకే బోనులో పెట్టినా, పక్కపక్క బోనుల్లో ఒకదానికొకటి కనబడేలా పెట్టినా బలహీనమైనది ఆ టెన్షన్‌తోనే తిండి మానేస్తుంది. మరోవైపు, పచ్చగా ఉన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. ఎముకలు కరిగిపోతున్న రోజుల్లో కూడా మా బుజ్జి పచ్చగానే ఉంది.

అది జబ్బును ఇంతగా ఎందుకు దాచుకుంటుంది? అడవిలో నీరసంగా కనబడిన జీవినే పాములు, పక్షులు ముందు ఎత్తుకుపోతాయి. అందుకని చివరిదాకా మామూలుగానే కనబడటానికి ప్రయత్నిస్తుంది. పైగా చల్లని రక్తపు జీవి కాబట్టి ఒంట్లో పనులన్నీ మనకంటే నెమ్మదిగా జరుగుతాయి. కుక్కలో రెండు రోజుల్లో బయటపడే జబ్బు దీనిలో బయటపడటానికి వారాలు పట్టవచ్చు. తగ్గడమూ అంతే నెమ్మది.

కళ్లు

ఊసరవెల్లి కళ్లు వేటికవి తిరుగుతాయి. ఒకటి ముందుకు చూస్తుంటే రెండోది వెనక్కి చూస్తుంటుంది. మెలకువగా, ఆరోగ్యంగా ఉన్నది గదిలో మనం అటూ ఇటూ నడుస్తుంటే కంటితో వెంబడిస్తూనే ఉంటుంది. రాత్రి దీపాలు ఆరాక మాత్రమే కళ్లు మూసుకుని నిద్రపోతుంది. పగటి కునుకు దాని అలవాటు కాదు. కాబట్టి పగలు ఒక కన్నుగానీ, రెండూగానీ మూసుకుని కూర్చుంటే దాన్ని జబ్బు కిందే లెక్కవేయండి. కోళ్లను చూసి మా అమ్మ నేర్చుకున్న సూత్రం ఇక్కడా సరిపోయింది.

ఒక్క మినహాయింపు ఉంది. కంట్లో నలుసు పడినా, నీళ్ల తుంపర్లు పడినా కన్ను మూసి, గుడ్డును బయటికి ఉబ్బించి, గుండ్రంగా తిప్పి కడుక్కుంటుంది. మొదటిసారి చూస్తే భయం వేస్తుంది కానీ కొద్దిసేపట్లో మామూలైపోతుంది. అలా కాకుండా గంటల తరబడి మూసి ఉంటే కారణాలు చాలా ఉండవచ్చు. ఒంట్లో నీరు తగ్గడం, విటమిన్ ఏ లోపం, ఇన్ఫెక్షన్, కంట్లో ఇరుక్కున్న కుబుసం ముక్క, మరీ దగ్గరగా పెట్టిన యూవీ (అతినీలలోహిత కిరణాల) బల్బు, లేదా ఒంట్లో ఇంకెక్కడో ఉన్న జబ్బు వల్ల వచ్చిన నీరసం. కన్ను గుంటలోకి లోతుగా పోయి ఉంటే నీరు తగ్గిందేమోనని ముందు చూడాలి. రెప్ప ఉబ్బి, రసి కారుతుంటే ఇన్ఫెక్షన్, విటమిన్ ఏ లోపం గుర్తుకు రావాలి. ఏదైనా ఇంట్లో తేల్చుకునేది కాదు. మనుషుల కంటి చుక్కల మందులు వేయడం మాత్రం అసలు వద్దు. వాటిలో కొన్నింటిలో ఉండే స్టెరాయిడ్ కంటిపొర మీద పుండు ఉంటే దాన్ని ఇంకా పెంచుతుంది.

ఎముకలు మెత్తబడటం

బుజ్జికి వచ్చింది ఇదే. మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు, క్లుప్తంగా ఎంబీడీ. పెంపుడు ఊసరవెల్లులకు, అందులోనూ ఎదిగే వయసులో ఉన్నవాటికి, ఎక్కువగా వచ్చే జబ్బుల్లో ఇదొకటి. పూర్తిగా నివారించగలిగినది కూడా. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మన ఇళ్లల్లో పసిపిల్లలకు నూనె రాసి లేత ఎండలో కాసేపు పడుకోబెట్టేవాళ్లు. ఎండ తగిలితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. ఊసరవెల్లిదీ అదే లెక్క. ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు చర్మంలోని ఒక కొవ్వు పదార్థాన్ని మారుస్తాయి. ఒంటి వేడికి అది డి3 అవుతుంది. తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే రూపంలోకి తెస్తాయి. అప్పుడే పేగులు కాల్షియాన్ని పీల్చుకుంటాయి. ఈ గొలుసులో ఏ కొక్కెం తెగినా రక్తంలో కాల్షియం తగ్గుతుంది. గుండె, కండరాలు ఆడటానికి రక్తంలో కాల్షియం తప్పనిసరి కాబట్టి శరీరం దాన్ని ఎముకల్లోంచి తీసి వాడుకుంటుంది. అలా ఎముక గుల్లబారుతుంది.

దీనికి తోడు మనం పెట్టే తిండి. కీచురాళ్లలో, మీల్‌వార్మ్ అనే పురుగుల్లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. ఫాస్ఫరస్ ఎక్కువైతే కాల్షియం ఒంటికి పట్టదు. అందుకే పురుగుల మీద కాల్షియం పొడి చల్లి, ఆ పురుగులకు ముందురోజు మంచి ఆకుకూరలు పెట్టి, ఆ తర్వాత ఊసరవెల్లికి వేయాలి.

మేం ఎక్కడ తప్పామంటే వెలుతురు దగ్గర. బోనునూ బల్బునూ కలిపి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బల్బు ఎన్నాళ్ల పాతదో అడగలేదు, వెలుగుతోంది కదా అనుకున్నాం. యూవీ బల్బు కంటికి మామూలుగా వెలుగుతూనే ఉన్నా దానిలోంచి వచ్చే యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలలకోసారి మార్చమంటారు. రెండో తప్పు, టెక్సాస్ ఎండ వస్తుంది కదా అని బోనును కిటికీ పక్కన పెట్టాం. కిటికీ అద్దం వేడినీ వెలుతురునూ రానిస్తుంది కానీ యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. నాలుగు నెలలూ బుజ్జి ఎండలో కూర్చున్నట్టే కనబడింది, దానికి అసలైన ఎండ మాత్రం తగల్లేదు. ఇప్పుడు పొడవాటి ట్యూబ్ రకం యూవీబీ లైటు పెట్టాం. అది కూర్చునే కొమ్మ దగ్గర యూవీ సూచిక 3 చుట్టుపక్కల ఉండేలా చూసుకుంటున్నాం. పైన ఉన్న జాలీ కూడా కొంత యూవీని ఆపుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

దీని లక్షణాలు ఒక వరుసలో వస్తాయి, ఆ వరుస తెలిస్తే చాలా మేలు. మొదట నాలుక. ఊసరవెల్లి నాలుక ఒంటి పొడవును మించి దూసుకుపోతుంది. ఆ విసురుకు ఆధారం గొంతులో ఉండే సన్నని ఎముక, దాని చుట్టూ కండరాలు. కాల్షియం తగ్గితే విసురు తగ్గుతుంది, గురి తప్పుతుంది, ఒక్కోసారి నాలుక లోపలికి పూర్తిగా పోక బయటే వేలాడుతుంది. తర్వాత పట్టు. రెండు వేళ్లు ఒక పక్క, మూడు వేళ్లు ఇంకో పక్క ఉండి పటకారులా కొమ్మను బిగించే కాళ్లు సడలుతాయి. కొమ్మల మీద నుంచి పడిపోతుంటుంది. నడిచేటప్పుడు ఒంటిని పైకెత్తలేక మోచేతుల మీద ఈడుస్తుంది. కాళ్లూ వేళ్లూ సన్నగా వణుకుతాయి. ఆపైన కాళ్లు విల్లులా వంగడం, దవడ రబ్బరులా మెత్తబడి నోరు సరిగ్గా మూసుకోకపోవడం, తల మీది కిరీటం ఒక పక్కకు ఒరగడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం. నాలుక దశలో పట్టుకుంటే బోను సరిచేసి, కాల్షియం ఇస్తే కోలుకోవడానికి మంచి అవకాశం ఉంది. ఎముకలు వంగిన దశలో పట్టుకుంటే మళ్లీ గట్టిపడతాయి కానీ వంకర మాత్రం పోదు.

భయంతో కాల్షియం, విటమిన్లు గుప్పించడం కూడా ప్రమాదమే. డి3, విటమిన్ ఏ ఒంట్లో పేరుకుపోయే రకం. మోతాదు మించితే మెడ చుట్టూ సంచిలా నీరు చేరడం, మూత్రపిండాలు దెబ్బతినడం జరుగుతుంది. ఎంత, ఎన్ని రోజులకు అనేది వెట్ చెప్పినట్టే వాడండి.

ఊపిరి

బోనులో ఎండలా వేడినిచ్చే దీపం కింద కూర్చుని నోరు కొంచెం తెరిస్తే వేడెక్కింది, చల్లబడటానికి తెరిచిందని అర్థం. వీల్డ్ కమీలియన్‌కు దీపం కింద 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ చాలు, ఆడవాటికి ఇంకా కాస్త తక్కువే మంచిది. చల్లటి చోట కూర్చుని కూడా నోరు తెరిచి, తల పైకెత్తి గాలి కోసం తంటాలు పడుతుంటే, టిక్ టిక్‌మనో గురగురమనో శబ్దం వస్తుంటే, నోటి దగ్గరో ముక్కు దగ్గరో నురగ కనబడితే అది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కావచ్చు. మనకైతే ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అనే కండరం ఉంటుంది కాబట్టి దగ్గి కఫం బయటికి తోసేస్తాం. ఊసరవెల్లికి ఆ కండరం లేదు. లోపల చేరింది లోపలే ఉండిపోతుంది. అందుకే ఇందులో రేపు చూద్దాం అనుకోకూడదు, యాంటీబయాటిక్ కావాలా, ఏది కావాలి అన్నది వెట్ చూసి తేల్చాలి.

దీని మూలం కూడా బోనులోనే కనబడుతుంది. తేమ బాగా ఉండాలని రోజంతా తడుపుతూ ఆరనివ్వకపోవడం, గాలి ఆడని గాజు తొట్టిలో పెంచడం, చలికాలంలో గది మరీ చల్లబడటం. యెమెన్‌లో అది పుట్టిన చోట పగలు ఎండగా, పొడిగా ఉండి రాత్రికి పొగమంచు కమ్ముతుంది. ఇంట్లోనూ రాత్రి, తెల్లవారుజాము తడి, పగలు పొడి అన్న పద్ధతే దానికి సరిపడుతుంది.

నీళ్లు, రెట్ట

గిన్నెలో నిలిచిన నీళ్లను ఊసరవెల్లి సాధారణంగా గుర్తించదు. ఆకుల మీద మెరిసే చుక్కల్ని నాకుతుంది. గిన్నె నిండుగానే ఉందని మనం నిశ్చింతగా ఉంటే అది దాహంతో ఎండిపోతుంటుంది. ఈ సంగతి రెట్టలో అన్నిటికంటే ముందు తెలుస్తుంది. ఆరోగ్యమైన రెట్టలో గోధుమరంగు భాగం ఒకటి, దానితో తెల్లటి ముద్ద ఒకటి ఉంటాయి. ఆ తెల్లది యూరిక్ ఆమ్లం, మన మూత్రంలాంటిది. కొసన కాస్త పసుపు ఉంటే పర్వాలేదు. ముద్ద మొత్తం ముదురు పసుపు, నారింజ రంగుకు తిరిగి గట్టిగా ఉంటే నీళ్లు చాలడం లేదన్నమాట. ఇది నెలల తరబడి సాగితే యూరిక్ ఆమ్లం బయటికి పోలేక కీళ్లలో, మూత్రపిండాల చుట్టూ పేరుకుంటుంది. కీళ్లు ఉబ్బి, కదలాలంటే బాధపడుతుంది. అదే గౌట్. వయసు మీరిన ఊసరవెల్లుల్లో ఇది తరచూ చూస్తుంటాం, దాదాపు ఎప్పుడూ ఆలస్యంగానే.

రెట్ట నీళ్లగా, భరించలేని కంపుతో, అరగని పురుగు ముక్కలతో ఉంటే పరాన్నజీవులు ఉండవచ్చు. తాజా రెట్టను జిప్ కవరులో వేసి వెట్‌కిస్తే మైక్రోస్కోపు కింద చూసి చెబుతారు. కొత్తగా కొన్న ఊసరవెల్లికి లక్షణాలు లేకపోయినా ఒకసారి ఈ పరీక్ష చేయించమని అందరికీ చెబుతుంటాను.

ఆడ ఊసరవెల్లి ఉన్న ఇంట్లో

ఇది తెలియక పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు. ఆడ వీల్డ్ కమీలియన్ మగదాని ముఖం చూడకపోయినా గుడ్లు పెడుతుంది, మన నాటుకోడి పుంజు లేకుండా పెట్టినట్టే. ఒక కాన్పులో 20 నుంచి 70 దాకా ఉండవచ్చు. తిండి ఎక్కువ పెట్టి, వేడి ఎక్కువ ఉంచితే గుడ్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది. అవి పెట్టడానికి తవ్వుకునే తడి ఇసుక దానికి కావాలి, తవ్విన సొరంగం కూలని తడి, కనీసం 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతు. అది లేకపోతే గుడ్లు లోపలే ఉంచుకుంటుంది. కాల్షియం లోపం ఉన్నా కండరాలకు తోసే బలం ఉండదు.

ఎప్పుడూ పైకొమ్మల్లో ఉండేది కిందికి దిగి అదేపనిగా తిరుగుతుంటే, తిండి మానేస్తే, మూలల్లో గీరుతుంటే సమయం దగ్గరపడిందని అర్థం. వెంటనే ఇసుక తొట్టి పెట్టి, బోను చుట్టూ దుప్పటి కప్పి వదిలేయాలి. మనం తొంగి చూస్తున్నట్టు తెలిస్తే తవ్వడం ఆపేస్తుంది. అలా తిరిగి తిరిగి గుడ్లు పెట్టకుండానే నీరసపడి, కళ్లు మూసుకుని నేల మీద కూర్చుంటే అది అత్యవసరం. ఇంజెక్షన్లతోనో ఆపరేషన్‌తోనో బతికించే అవకాశం ఆ గంటల్లోనే ఉంటుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. దవడ అంచున నల్లటి లేదా పసుపు గడ్డలు, చిగుళ్ల వాపు ఉంటే నోటి ఇన్ఫెక్షన్. సరీసృపాల చీము మనదిలా కారదు, జున్నులా గడ్డకడుతుంది, అందుకని కోసి తీయాల్సి వస్తుంది. కిరీటం మీదో వీపు మీదో మొదట లేత మచ్చ, తర్వాత నల్లటి పెచ్చు కనబడితే దీపం కాల్చిందని అనుమానించండి. వేడి దీపానికి మరీ దగ్గరగా వెళ్లి చర్మం కాలుతున్నా అక్కడే ఉండిపోతుంది. వేళ్లకు, తోక చివర కుబుసం ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడక ఆ భాగం చచ్చుబడుతుంది. మలద్వారం నుంచి ఎర్రటి కండ బయటికి వచ్చి లోపలికి పోకపోతే తడి గుడ్డ కప్పి అప్పటికప్పుడే బయలుదేరాలి.

త్రాసు, నోట్‌బుక్

తిండి మానేసిందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు చాలామంది. తిండి ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. ఏడాది వయసు దగ్గరపడేసరికి ఎదుగుదల తగ్గి రోజు విడిచి రోజు తింటుంది. కుబుసానికి ముందు, కొత్త చోటికి మార్చినప్పుడు, మగవాటిలో జత కోరే రోజుల్లో తిండి తగ్గుతుంది. ఒకే రకం పురుగుతో విసుగొచ్చి కూడా మానేస్తుంది. నిజం చెప్పేది బరువు. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు మీద చిన్న కొమ్మ నిలబెట్టి, దాని బరువు సున్నా చేసి, ఊసరవెల్లిని ఎక్కనిస్తే చాలు. మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున్న ఈ పని మా అమ్మాయిది. గ్రాములు, ఆ వారం రెట్ట రంగు, ఎన్ని పురుగులకు గురి తప్పింది, నోట్‌బుక్‌లో రాస్తుంది. బరువు నిలకడగా ఉంటే రెండు రోజులు తినకపోయినా స్థిమితంగా ఉంటాం. వరుసగా రెండు వారాలు తగ్గితే, తింటున్నా సరే, అపాయింట్‌మెంట్ తీసుకుంటాం.

వెట్ విషయంలో ముందే కనుక్కుని ఉంచుకోవడం మంచిది. కుక్కలూ పిల్లులూ చూసే క్లినిక్‌లన్నింటిలో సరీసృపాలను చూడరు. మేం కూడా ఆ రోజు మూడు చోట్ల ఫోన్ చేస్తే ఇద్దరు చూడలేమన్నారు. అమెరికాలో ఉన్నవాళ్లు సరీసృపాల, ఉభయచరాల వైద్యుల సంఘం అయిన ఏఆర్‌ఏవీ వెబ్‌సైట్‌లో ఊరు కొట్టి వెతకవచ్చు. వెళ్లేటప్పుడు చిన్న డబ్బాలో అడ్డంగా ఒక కర్ర పెట్టి, దాన్ని ఎక్కించి, చీకటిగా ఉండేలా పైన గుడ్డ కప్పండి. చీకట్లో అది నెమ్మదిస్తుంది. బోను ఫొటోలు, బల్బు పెట్టె ఫొటో, వాడే పొడుల పేర్లు, దీపం కింద ఎంత వేడి ఉందో, తాజా రెట్ట, నోట్‌బుక్ తీసుకెళ్లండి. మా వెట్ బుజ్జిని ముట్టుకునే ముందు పది నిమిషాలు బోను గురించే ప్రశ్నలు అడిగాడు.

ఆ మధ్యలో ఇంట్లో ఏం చేయవచ్చు? ఆకుల మీద గోరువెచ్చని నీటి తుంపర్లు పడేలా చూసి తాగనివ్వండి. వేడి సరిగ్గా ఉంచండి, దాని రోగనిరోధక శక్తి పనిచేయాలన్నా ఒంటికి ఆ వేడి అందాలి. మెత్తని కొమ్మలు కిందికి దించి, నేల మీద తువ్వాలు పరిస్తే పడినా దెబ్బ తగలదు. నీరు తగ్గి నీరసంగా ఉన్నదానికి బలవంతంగా తిండి కుక్కకండి. ముందు నీరు పట్టాలి, తర్వాతే అరిగించుకోగలదు. నోరు బలవంతంగా తెరిస్తే ఎముకలు మెత్తబడినదాని దవడ విరిగే ప్రమాదం కూడా ఉంది. టబ్బులో ముంచి స్నానం చేయించడం వేరే సరీసృపాలకు చేస్తారేమో కానీ, చెట్ల మీద బతికే దీనికి అది భయం తప్ప ఇంకేమీ కాదు.

బుజ్జికి ఇప్పుడు మూడేళ్లు దాటాయి. కుడి ముందుకాలు వంకరగానే ఉంది. నాలుక ఇదివరకటి దూరం పోదు కాబట్టి పురుగుల్ని చిన్న కప్పులో వేసి ముఖానికి నాలుగంగుళాల దూరంలో కడుతుంది మా అమ్మాయి. పోయిన ఆదివారం 142 గ్రాములు. నరసరావుపేట నుంచి వీడియో కాల్ వచ్చినప్పుడు అమ్మ ముందు ఫోన్‌ను బోను వైపు తిప్పమంటుంది.